కట్టేదాకా ఆగమనడం సలహా కాదు

డాలస్ శివార్లలోనైనా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనైనా తెలుగు కుటుంబాల మధ్య ఒక మాట బాగా పాతుకుపోయింది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ మన పేరు మీద టాక్స్ లియన్, అంటే పన్ను బాకీ కింద మన ఆస్తి మీద హక్కు, వేసిందంటే ఇక చేయగలిగిందేమీ లేదని, బాకీ పూర్తిగా తీరిస్తే అదే పోతుందని, తీర్చలేకపోతే పదేళ్లు ఓపిక పడితే కాలం చెల్లి పోతుందని అంటారు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు ఇదే చెబుతారు. ఏటా రిటర్నులు వేసిపెట్టే అకౌంటెంట్లలోనూ ఇదే చెప్పి పంపించేవాళ్లు ఉన్నారు. విన్నవాళ్లు నమ్ముతారు. నమ్మి ఊరుకుంటారు. ఆ ఊరుకున్న నెలల్లోనే అప్పీలు గడువు దాటిపోతుంది, ఇంటి లోను చేజారుతుంది, వడ్డీ పెరుగుతుంది.

ఈ మాటలో ప్రతి భాగమూ తప్పే. బాకీ తీరకముందే లియన్ నోటీసును వెనక్కి తీసుకోమని అడిగే వీలు చట్టంలోనే ఉంది. బాకీ తీరిన తర్వాత కూడా ఆ నోటీసు తాలూకు మచ్చ దానంతట అది పోదు. ఇక పదేళ్ల లెక్క చాలామంది అనుకున్నట్టు నడవదు, ముఖ్యంగా ఇండియాకు తిరిగొచ్చేసిన వాళ్ల విషయంలో.

అసలు గందరగోళమంతా ఒకేచోట పుడుతోంది. లియన్ వేరు, లియన్ నోటీసు వేరు. పన్ను బాకీని ఐఆర్ఎస్ లెక్కకట్టి నమోదు చేసి, కట్టమని డిమాండు పంపి, మనం కట్టకపోతే అమెరికా పన్ను చట్టం 6321వ సెక్షన్ ప్రకారం లియన్ దానంతట అదే పుడుతుంది. దానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. ఊరికి చాటనూ అక్కర్లేదు. మన పేరు మీద ఉన్న ఇల్లు, కారు, బ్యాంకు ఖాతా, రావలసిన బాకీలు, రేపు సంపాదించబోయే ఆస్తి కూడా దాని కిందికే వస్తాయి. అయితే ఈ దశలో అది మనకూ ప్రభుత్వానికీ మధ్య ఉన్న సంగతి మాత్రమే. ఇల్లు కొనేవాడి మీదా, లోనిచ్చే బ్యాంకు మీదా తన హక్కు చెల్లాలంటే ఐఆర్ఎస్ 668-వై అనే ఫారం మీద ఒక నోటీసు రాసి, రాష్ట్ర చట్టం చెప్పిన కార్యాలయంలో, సాధారణంగా కౌంటీ రికార్డుల్లో, దాఖలు చేయాలి. మన పరువుకూ లోనుకూ వ్యాపారానికీ దెబ్బ తగిలేది ఈ నోటీసు వల్ల. ఎవరైనా తీసి చూడగలిగే కాగితం అది.

ఈ రెంటికీ చట్టం రెండు వేర్వేరు దారులు పెట్టింది. లియన్ పోవాలంటే రిలీజ్ కావాలి. 6325వ సెక్షన్ ప్రకారం బాకీ పూర్తిగా తీరినా, వసూలు గడువు దాటి చెల్లకుండా పోయినా, ఐఆర్ఎస్ ఒప్పుకున్న బాండు ఇచ్చినా 30 రోజుల్లోగా రిలీజ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నోటీసు పోవాలంటే విత్‌డ్రాయల్ కావాలి. అది 6323వ సెక్షన్‌లోని జె ఉపవిభాగంలో ఉంది. విత్‌డ్రా అయిన నోటీసును అసలు దాఖలే చేయనట్టు పరిగణించాలని చట్టం చెబుతోంది. రిలీజ్‌కు ఆ శక్తి లేదు. రిలీజ్ చెప్పేది ఒక్కటే: ఫలానా రోజున లియన్ ఉండేది, ఫలానా రోజున తీరింది.

మన దగ్గర పొలానికో ఫ్లాటుకో ఈసీ తీయించిన వాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. బ్యాంకు అప్పు తీర్చి రిలీజ్ డీడ్ రాయించుకున్నా, తనఖా పెట్టిన ఎంట్రీ ఈసీలోంచి చెరిగిపోదు. కింద ఇంకో ఎంట్రీ చేరుతుంది, అంతే. కొనేవాడు రెండూ చూస్తాడు. ఆస్తి తనఖా పెట్టడం ఎవరికీ తప్పుగా తోచదు కాబట్టి ఇక్కడ దాన్ని పెద్దగా పట్టించుకోరు. ప్రభుత్వానికి పన్ను ఎగ్గొట్టాడనే అర్థం వచ్చే కాగితం అలా కాదు. లోనిచ్చేవాడూ, కాంట్రాక్టు ఇచ్చేవాడూ, కొత్తగా ఉద్యోగంలోకి తీసుకునేవాడూ దాన్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.

మరి విత్‌డ్రాయల్ ఎప్పుడు అడగొచ్చు? 1996లో వచ్చిన రెండో పన్ను చెల్లింపుదారుల హక్కుల చట్టం నాలుగు కారణాలు చెప్పింది. నోటీసును తొందరపడిగానీ, ఐఆర్ఎస్ తన సొంత పద్ధతులు పాటించకుండాగానీ వేసి ఉండటం ఒకటి. పన్ను వాయిదాల్లో కట్టడానికి ఒప్పందం కుదరడం, ఆ ఒప్పందంలో నోటీసు ఉంటుందని రాసి ఉండకపోవడం రెండోది. నోటీసు తీసేస్తే పన్ను వసూలు మరింత సులువవడం మూడోది. తీసేయడం కట్టేవాడికీ ప్రభుత్వానికీ ఇద్దరికీ మేలు చేసేదై ఉండటం నాలుగోది. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా బాకీ మొత్తం తీరి ఉండాలని అడగదు. పూర్తిగా కట్టేదాకా చేసేదేమీ లేదన్న మాట ఇక్కడే వీగిపోవాలి. 1996 నుంచీ చట్టంలో ఉన్న హక్కు ఇది. మన వాళ్లలో దాని గురించి విన్నవాళ్లు ఎంత తక్కువో చూస్తే బాధ కలుగుతుంది.

చట్టంలో ఉన్నా చాలా ఏళ్లు ఐఆర్ఎస్ దీన్ని గట్టిగా అమలు చేయలేదు. కట్టేవాడి పరిస్థితి చూడకుండా, బాకీ ఒక మొత్తం దాటితే చాలు నోటీసు వేసేసే పద్ధతి నడిచింది. 2010 ఆర్థిక సంవత్సరంలో పది లక్షలకు పైగా నోటీసులు దాఖలయ్యాయి. అప్పటి నేషనల్ టాక్స్‌పేయర్ అడ్వొకేట్ నీనా ఓల్సన్ ఐఆర్ఎస్ లోపలి నుంచే ఈ పద్ధతిని ఎండగట్టారు. గంపగుత్తగా లియన్ వేయడం వల్ల జనం కట్టే శక్తే దెబ్బతింటుందని ఏటా కాంగ్రెస్‌కు పంపే నివేదికల్లో వాదించారు. 2011 ఫిబ్రవరిలో కమిషనర్ డగ్ షుల్మన్ విధానం మార్చారు. అంతవరకు 5,000 డాలర్లుగా ఉన్న నోటీసు దాఖలు పరిమితి 10,000 అయింది. రిలీజ్ అయిపోయిన లియన్లకు కూడా, అడిగితే నోటీసు విత్‌డ్రా చేయడానికి ఒప్పుకున్నారు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వాయిదాలు కోయించుకునే వాళ్లకు, బాకీ ఇంకా ఉండగానే నోటీసు తీసేయడానికి దారి తెరిచారు.

మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఈ చివరి దారే. బాకీ 25,000 డాలర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉండాలి. ఎక్కువుంటే ముందు కొంత కట్టి ఆ అంకెకు దించుకోవచ్చు. 31,000 ఉన్నవాళ్లు 6,000 సర్దగలిగితే చాలు, ఈ దారిలోకి వచ్చేస్తారు. మిగిలిన బాకీ 60 నెలల్లోగా గానీ, వసూలు గడువు ముగిసేలోగా గానీ, ఏది ముందైతే ఆలోగా తీరిపోయేలా నేరుగా ఖాతాలోంచి కట్ అయ్యే ఒప్పందం ఉండాలి. వడ్డీ పక్కన పెడితే 25,000కి నెలకు 417 డాలర్లు పడుతుంది. వరసగా మూడు వాయిదాలు కట్టి ఉండాలి. ఇంతకుముందు ఇలాంటి ఒప్పందం తప్పి ఉండకూడదు. రిటర్నులన్నీ దాఖలై ఉండాలి. అప్పుడు ఫారం 12277 నింపి, నోటీసు నకలు జతచేసి అడగవచ్చు. కార్లూ ఇళ్లూ వాయిదాల మీద కొనుక్కుని, నెలనెలా ఒక్కటి కూడా తప్పకుండా కట్టే మనుషులకు ఈ షరతుల్లో అసాధ్యమైనది ఏముంది?

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఉద్యోగుల జీతాల్లోంచి కోసిన పన్ను కట్టని కంపెనీ ఇంకా నడుస్తూ ఉంటే, ఈ 25,000 దారి ఆ కంపెనీకి వర్తించదు. చిన్న ఐటీ కన్సల్టెన్సీలు, మోటళ్లు, గ్యాస్ స్టేషన్లు నడిపే తెలుగువాళ్లకు ఇది చాలా ముఖ్యం. జీతాల పన్ను ఎగ్గొడితే ఆ బాకీని, బాధ్యులైన వ్యక్తుల మీద, చెక్కుల మీద సంతకం పెట్టే భార్య మీద కూడా, 6672వ సెక్షన్ కింద వ్యక్తిగతంగా వేస్తారు. అలా వ్యక్తి మీద పడిన బాకీకి మాత్రం ఈ దారి తెరిచే ఉంటుంది. ఇలాంటి తేడాలు తెలుసుకుని దారి చూపించడమే అకౌంటెంటు పని. ఏమీ చేయలేమని చెప్పడానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో వాదం. 2018 ఏప్రిల్ నుంచి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడూ క్రెడిట్ రిపోర్టుల్లో టాక్స్ లియన్లు చూపించడం మానేశాయి, కాబట్టి నోటీసు ఉన్నా పోయినా ఒకటే అంటారు. మొదటి సగం నిజం. దాని మీద కట్టిన తీర్మానమే తప్పు. స్కోరు మీద పడకపోయినంత మాత్రాన నోటీసు ఎవరికీ కనపడకుండా పోలేదు. కౌంటీ రికార్డులు బహిరంగం. ఇంటి లోను ఇచ్చేటప్పుడు టైటిల్ కంపెనీ వాటిని వెతుకుతుంది. అమెరికాలో ఇంటి లోన్లు భారీగా కొనే ఫ్యానీ మే నిబంధన చూడండి. పన్ను బాకీ వాయిదాల్లో కడుతున్న మనిషికి కూడా లోను ఇవ్వొచ్చని అది ఒప్పుకుంటుంది, కానీ ఒక షరతు పెడుతుంది. కొనబోయే ఇల్లు ఉన్న కౌంటీలో అతని మీద లియన్ నోటీసు దాఖలై ఉన్న ఆనవాళ్లు ఉండకూడదు. అంటే వాయిదాల మీద కట్టడం ఒక్కటే అయితే అడ్డు కాదు. నోటీసు ఉంటేనే అడ్డు. విత్‌డ్రాయల్ పనికొచ్చేది సరిగ్గా అక్కడ. క్రెడిట్ స్కోరు చూసుకుని స్థిమితపడి, ఇల్లు కొనేవేళకు టైటిల్ రిపోర్టు చూసి గుండె జారిపోయే కుటుంబాల గురించి నాకు బెంగ. అలాగే ఫైనాన్స్ రంగంలో పనిచేసే వాళ్లు రిజిస్ట్రేషన్ కోసం నింపే యూ4 ఫారంలో, తీరని లియన్లు ఉన్నాయా అని నేరుగా అడుగుతారు. క్రెడిట్ బ్యూరోలకు దానితో సంబంధం లేదు.

ఇక పదేళ్ల సంగతి. దీన్ని కొంచెం నెమ్మదిగా చెప్పాలి. వసూలు గడువు పన్ను నమోదైన రోజు నుంచి పదేళ్లు అన్నది నిజమే. 668-వై మీద రీఫైలింగ్‌కు ఆఖరి తేదీ అని ఒక గడి ఉంటుంది. ఆ తేదీలోగా మళ్లీ దాఖలు చేయకపోతే ఆ నోటీసే రిలీజ్ సర్టిఫికెట్‌గా పనిచేస్తుందని అందులోనే రాసి ఉంటుంది. ఊరుకుంటే పోతుందనే నమ్మకానికి మూలం ఈ గడే. దీని చుట్టూ ఉన్న షరతులు ఎవరూ చదవరు. గడువు ఏ ఏడాది పన్నుకు ఆ ఏడాదికి విడిగా నడుస్తుంది. దివాలా పిటిషన్ నడిచినంత కాలం ఆగి, పైన ఆరు నెలలు కలుస్తుంది. బాకీ తగ్గించమని ఆఫర్ పెట్టినా, అది పరిశీలనలో ఉన్నంత కాలం ఆగుతుంది. ఈలోగా ప్రభుత్వం కోర్టుకెళ్లి తీర్పు తెచ్చుకుంటే పదేళ్ల లెక్క అక్కడితో సరి, తీర్పు మీద వసూలు కొనసాగుతుంది.

ఇండియాకు తిరిగొచ్చిన వాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది 6503వ సెక్షన్. పన్ను బాకీ ఉన్న మనిషి అమెరికా వెలుపల ఆరు నెలలకు తగ్గకుండా ఏకధాటిగా ఉంటే, ఆ కాలమంతా వసూలు గడువు ఆగిపోతుంది. తిరిగి అమెరికాలో అడుగు పెట్టేనాటికి గడువు దాదాపు అయిపోయినట్టు ఉన్నా, వచ్చాక కనీసం ఆరు నెలలు నిలుస్తుంది. డాలస్ శివారు ఫ్రిస్కోలో ఇల్లు ఉంచుకుని హైదరాబాద్‌కో విశాఖకో వచ్చేసి, ఎనిమిదేళ్లయింది, ఇంకో రెండేళ్లు ఓపిక పడితే చాలు అనుకునేవాళ్లు తమ లెక్క ఆగి ఉందని తెలియకుండానే ఎదురుచూస్తున్నారు. వడ్డీ మాత్రం ఆగదు. వాళ్లకు పదేళ్లు ఆగండని చెప్పినవాళ్లు తెలియక చేసినా సరే, అపకారమే చేశారు.

ఇలా తిరిగొచ్చిన వాళ్లకు ఐఆర్ఎస్ ఉత్తరం చేరకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకొకటి. 1998లో వచ్చిన 6320వ సెక్షన్ ప్రకారం నోటీసు దాఖలు చేసిన ఐదు పనిదినాల్లోగా ఐఆర్ఎస్ మనకు తెలియజేయాలి. ఆ తర్వాత 30 రోజుల్లోగా ఫారం 12153 పంపిస్తే విచారణ కోరే హక్కు ఉంటుంది. ఆ విచారణలో నోటీసు విత్‌డ్రా చేయమనీ అడగొచ్చు. విచారణలో వచ్చిన నిర్ణయం నచ్చకపోతే టాక్స్ కోర్టుకు వెళ్లవచ్చు. కానీ ఆ ఉత్తరం వాళ్ల దగ్గరున్న చివరి అడ్రసుకు వెళుతుంది. ఇల్లు మారి, దేశం మారి, అడ్రసు మార్పు కోసం ఫారం 8822 పంపనివాళ్లకు అది చేరదు. చేరలేదన్న కారణంతో 30 రోజులు సాధారణంగా పొడిగించరు.

మరో భయం గురించి మాట్లాడాలి. అడిగితే ఐఆర్ఎస్ కన్ను మన మీద పడుతుందని, ఉన్నదే ఎక్కువ చేసుకున్నట్టవుతుందని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆఫీసు ముఖం చూడకుండా బతికితే మంచిదన్న అలవాటు మనకు ఇంటి దగ్గరి నుంచే వచ్చింది, దాన్ని నేను చులకన చేయను. కానీ మన పేరు మీద కౌంటీలో నోటీసు వేసిన సంస్థ కన్ను ఇంకా మన మీద పడలేదనుకోవడం ఎలా? 12277 వేసినంత మాత్రాన కొత్త బాకీ పుట్టదు. తిరస్కరిస్తే ఫారం 9423తో కలెక్షన్ అప్పీల్స్‌కు వెళ్లొచ్చు. ఇబ్బంది తీవ్రంగా ఉంటే టాక్స్‌పేయర్ అడ్వొకేట్ సర్వీసును ఆశ్రయించవచ్చు. అది ఐఆర్ఎస్ లోపలే ఉంటూ, కట్టేవాళ్ల పక్షాన నిలబడటానికి ఏర్పాటైన విభాగం.

ఇలా నోటీసులు తీసేస్తూ పోతే ప్రభుత్వానికి నష్టమనీ, సమయానికి కట్టినవాళ్లకు అన్యాయమనీ అనేవాళ్లు కూడా ఉన్నారు. ఈ మాటను గౌరవించాలి, దీనికి జవాబూ చెప్పాలి. విత్‌డ్రాయల్ వల్ల ఒక్క డాలరు కూడా మాఫీ కాదు. బాకీ ఉంటుంది, కింద లియనూ ఉంటుంది, వాయిదా తప్పితే ఐఆర్ఎస్ మళ్లీ నోటీసు వేయవచ్చు. నోటీసు వల్ల లోను దొరకనివాడు, కాంట్రాక్టు పోయినవాడు పన్ను ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? వసూలు సులువయ్యేటట్టుంటే నోటీసు తీసేయవచ్చని కాంగ్రెస్ చట్టంలో రాసింది ప్రభుత్వ ఖజానాను దృష్టిలో పెట్టుకునే.

ఇల్లు అమ్మాలన్నా, రీఫైనాన్స్ చేయాలన్నా లియన్ తీరేదాకా కుదరదనడం కూడా ఇలాంటిదే. అమ్మే ఇంటి మీద మాత్రం లియన్ తొలగించమని ఫారం 14135తో అడగొచ్చు. కొత్త బ్యాంకు లోనును ముందు వరసలో పెట్టి, లియన్‌ను వెనక్కి జరపమని 14134తో అడగొచ్చు. లావాదేవీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టమని ఐఆర్ఎస్సే చెబుతోంది. అమ్మకం వారంలో ఉందనగా పరిగెత్తేవాళ్లకు సమయం చాలదు.

పూర్తిగా కట్టి రిలీజ్ తెచ్చుకునేవాళ్లకు రెండు మాటలు. నోటీసులో ఉన్న అంకె కట్టాల్సిన అంకె కాదు. దాఖలు చేసిన నాటి బాకీ అది. వడ్డీ రోజురోజుకీ చేరుతుంది. ఫలానా తేదీకి ఎంత కడితే తీరుతుందో ఐఆర్ఎస్ లియన్ విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకుని కట్టండి. పదీ ఇరవై డాలర్లు మిగిలిపోయినా రిలీజ్ ఆగిపోవచ్చు. రిలీజ్ చేతికొచ్చాక అక్కడితో ఆగకండి. గత మూడేళ్ల రిటర్నులు సక్రమంగా దాఖలై, ఈ ఏడాది ముందస్తు పన్ను సకాలంలో కడుతూ ఉంటే, అదే 12277తో నోటీసు విత్‌డ్రా చేయమని కూడా అడగండి. ఆమోదిస్తే ఐఆర్ఎస్సే కౌంటీలో విత్‌డ్రాయల్ దాఖలు చేసి మీకు నకలు పంపుతుంది. మీరు రాతలో కోరితే మీరు చెప్పిన బ్యాంకులకూ క్రెడిట్ సంస్థలకూ తెలియజేయాలని చట్టం ఐఆర్ఎస్‌కు చెబుతోంది.

అమెరికాలో తెలుగు కుటుంబాల పన్నులు చూసే అకౌంటెంట్లకు నా విన్నపం. పార్టీ లియన్ నోటీసు పట్టుకుని వచ్చినప్పుడు ముందు దాని మీది తేదీ చూడండి. 30 రోజులు దాటకపోతే ఆ వారమే 12153 పంపండి. దాటిపోతే, బాకీ ఎంత తగ్గిస్తే 25,000కు దిగుతుందో లెక్క వేసి చెప్పండి. ఇండియాలో ఎన్ని నెలలు ఉన్నారో అడగండి. లియన్ తీయిస్తామని వేల డాలర్లు వసూలు చేసే సంస్థల చేతికి మనవాళ్లను వదిలేయకండి. ఫారం 12277 ఐఆర్ఎస్ వెబ్‌సైటులో దొరుకుతుంది, దరఖాస్తుకు రుసుము లేదు.